డీఎన్‌ఏ అణు నిర్మాణం – తెలుగునాట దాని అధ్యయనం

డీఆక్సీరైబోన్యూక్లిక్ ఆమ్లం, వాడుకలో డీఎన్‌ఏ, జీవకణాల్లో వంశపారంపర్య సమాచారాన్ని భద్రపరిచి ఒక తరం నుంచి మరో తరానికి అందించే బృహదణువు. బాక్టీరియా మొదలుకొని వరి మొక్క, మనిషి దాకా కణాలున్న ప్రతి జీవిలోనూ దీని రసాయనిక నిర్మాణం ఒక్కటే. జీవికీ జీవికీ మారేది అందులోని నాలుగు రకాల క్షారాల వరుస, ఆ వరుస పొడవు మాత్రమే. రెండు పొడవైన గొలుసులు ఒకే అక్షం చుట్టూ కుడివైపుకు మెలి తిరిగి ఉండే దీని ఆకారాన్ని ద్వికుండలి అంటారు. పాఠ్యపుస్తకాల బొమ్మల వల్ల ఆ మెలికే ప్రసిద్ధికెక్కింది గానీ, ఈ నిర్మాణానికి ప్రాణమైన అంశం మెలిక కాదు, రెండు గొలుసుల మధ్య ఎదురెదురుగా ఉన్న క్షారాలు జత కట్టే నియమం. విడదీసిన గొలుసు తన జోడీ గొలుసును లక్షల గొలుసుల మధ్య నుంచి కూడా వెతికి పట్టుకోగలగడం ఆ నియమం ఫలితమే. హైదరాబాదులో మూడున్నర దశాబ్దాలకు పైగా సాగుతున్న నేర నిర్ధారణ పరీక్షలు, వరి వంగడాల మెరుగుదల, జనసమూహాల చరిత్ర అధ్యయనం, అన్నీ ఈ ఒక్క గుణం మీద ఆధారపడి నడుస్తున్నవే.

ఘటకాలు, వెన్నెముక

డీఎన్‌ఏ గొలుసుకు ప్రమాణం న్యూక్లియోటైడ్. ఐదు కర్బన పరమాణువులున్న డీఆక్సీరైబోజ్ అనే చక్కెర, దానికి ఒక పక్క ఫాస్ఫేట్, మరో పక్క నత్రజని ఉన్న ఒక క్షారం కలిస్తే ఒక న్యూక్లియోటైడ్ ఏర్పడుతుంది. క్షారాలు నాలుగు: ఎడినిన్, గ్వానిన్, థైమిన్, సైటోసిన్, వీటిని ఏ, జీ, టీ, సీ అనే అక్షరాలతో సూచిస్తారు. మొదటి రెండూ రెండేసి వలయాలున్న ప్యూరిన్లు, తక్కిన రెండూ ఒకే వలయం ఉన్న పిరిమిడిన్లు. ఒక చక్కెరలోని మూడవ కర్బనాన్ని తరువాతి చక్కెరలోని ఐదవ కర్బనంతో ఫాస్ఫేట్ కలుపుతూ పోవడం వల్ల గొలుసు ఏర్పడుతుంది కాబట్టి, దానికి ఒక దిశ ఉంటుంది. ఒక చివరను 5 కొస అనీ, రెండవ చివరను 3 కొస అనీ వ్యవహరిస్తారు. చక్కెర, ఫాస్ఫేట్ ఒకదాని తరువాత ఒకటిగా సాగే ఈ భాగాన్ని వెన్నెముక అంటారు. ప్రతి ఫాస్ఫేట్ మీద ఒక రుణావేశం ఉంటుంది; ప్రయోగశాలలో జెల్ పలక మీద విద్యుత్తు ప్రవహింపజేసినప్పుడు డీఎన్‌ఏ ముక్కలు ధన ధ్రువం వైపు పరుగెత్తడానికి ఈ ఆవేశమే కారణం; జెల్‌లోని సన్నని రంధ్రాల గుండా సాగేటప్పుడు పొట్టి ముక్కలు ముందూ పొడుగు ముక్కలు వెనుకా చేరి పొడవును బట్టి విడిపోతాయి.

చక్కెరలో రెండవ కర్బనం దగ్గర ఒక ఆక్సిజన్ పరమాణువు లోపించడం చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ, అణువు మన్నిక అంతా అక్కడే ఉంది. ఆర్‌ఎన్‌ఏలో ఆ స్థానంలో ఉండే హైడ్రాక్సిల్ సమూహం పక్కనే ఉన్న ఫాస్ఫేట్ బంధం మీద దాడి చేసి గొలుసును తెంపగలదు; డీఎన్‌ఏలో ఆ అవకాశం లేదు. తాత్కాలిక సందేశాలకు ఆర్‌ఎన్‌ఏను, శాశ్వత భద్రతకు డీఎన్‌ఏను జీవజాతులు వాడుకోవడం వెనుక ఈ రసాయనిక కారణం స్పష్టంగా కనిపిస్తుంది.

జతకట్టే నియమం

డీఎన్‌ఏను 1869లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో ఫ్రీడ్రిక్ మీషర్ చీము కణాల కేంద్రకాల నుంచి వేరుచేసి న్యూక్లిన్ అని పేరు పెట్టాడు. ఆ తరువాత ఫీబస్ లెవీన్ అందులోని చక్కెరను గుర్తించినా, నాలుగు క్షారాలూ సమాన సంఖ్యలో ఒకే వరుసలో తిరిగి తిరిగి వస్తాయని ఊహించడం వల్ల, ఇంత సాదా అణువు వంశపారంపర్యానికి ఆధారం కాజాలదన్న భావన చాలాకాలం నిలిచింది. 1944లో ఆస్వాల్డ్ ఏవరీ, కాలిన్ మెక్లియోడ్, మెక్లిన్ మెకార్టీ న్యుమోనియా బాక్టీరియాపై చేసిన ప్రయోగాలతో ఆ భావన సడలింది. 1950 నాటికి ఎర్విన్ చార్గాఫ్ వివిధ జీవుల డీఎన్‌ఏను విశ్లేషించి, క్షారాల నిష్పత్తి జాతికీ జాతికీ మారుతున్నా ఎడినిన్ పరిమాణం థైమిన్‌తోనూ, గ్వానిన్ పరిమాణం సైటోసిన్‌తోనూ ఎప్పుడూ సరితూగుతుందని చూపాడు. మనిషి డీఎన్‌ఏలో మొదటి జంట చెరో 30 శాతం, రెండవ జంట చెరో 20 శాతం దాకా ఉంటాయి.

ఈ సమానత్వానికి అర్థం చెప్పినది ఎక్స్‌రే చిత్రాలు, నమూనా నిర్మాణం కలిసిన కృషి. లండన్ కింగ్స్ కళాశాలలో రోజలిండ్ ఫ్రాంక్లిన్ గాలిలో తేమ శాతాన్ని జాగ్రత్తగా నియంత్రించి, డీఎన్‌ఏ పోగు పొడిగా ఉన్నప్పుడు ఒక రూపంలోనూ, తడిగా ఉన్నప్పుడు మరో రూపంలోనూ ఉంటుందని తేల్చింది. ఆమె పర్యవేక్షణలో రేమండ్ గాస్లింగ్ 1952 మే నెలలో తీసిన తడి రూపపు చిత్రం కుండలి ఆకారానికి తిరుగులేని సాక్ష్యమైంది. ఫాస్ఫేట్లు వెలుపలి వైపు ఉంటాయన్న నిర్ణయం కూడా ఆమెదే. ఆ చిత్రాన్ని ఆమెకు తెలియకుండానే మారిస్ విల్కిన్స్ కేంబ్రిడ్జ్ పరిశోధకుడు జేమ్స్ వాట్సన్‌కు చూపాడు. వాట్సన్, ఫ్రాన్సిస్ క్రిక్ తమ నమూనాను 1953 ఏప్రిల్ 25న నేచర్ పత్రికలో ప్రకటించారు. 1962లో వారిద్దరికీ విల్కిన్స్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది. ఫ్రాంక్లిన్ 1958లోనే కన్నుమూసింది. ఈ నిర్మాణ చరిత్రను చెప్పేటప్పుడు ఇద్దరి పేర్లతో సరిపెట్టడం ఇప్పటికీ మన పాఠ్యపుస్తకాల్లో కనిపించే లోపం. ఆమె కొలతలే లేకపోతే ఆ నమూనాకు నిలబడే నేల లేదు.

నమూనా కుదరడానికి చివరి ఆటంకం క్షారాల పరమాణు రూపం. గ్వానిన్, థైమిన్‌లలో హైడ్రోజన్ పరమాణువులు ఉండే చోటును ఆనాటి పుస్తకాలు తప్పుగా చూపేవి. జెర్రీ డోనహ్యూ దాన్ని సరిదిద్దగానే ఎడినిన్ థైమిన్‌తో, గ్వానిన్ సైటోసిన్‌తో హైడ్రోజన్ బంధాల ద్వారా సరిగ్గా అమరుతాయని తేలింది; మొదటి జంటలో రెండు బంధాలు, రెండవ జంటలో మూడు ఉంటాయి. రెండు వలయాల క్షారం ప్రతిసారీ ఒక వలయపు క్షారంతోనే జతకడుతుంది కాబట్టి రెండు జంటల వెడల్పూ ఒక్కటే అవుతుంది. అందువల్ల ఏ వరుసలో క్షారాలున్నా వెన్నెముకల మధ్య దూరం మారదు, ద్వికుండలి ఎక్కడా ఉబ్బదు, ఎక్కడా నొక్కుకుపోదు. అక్షరాల వరుస మీద ఏ నిర్బంధమూ లేకపోవడం, అయినా ఆకారం నిలకడగా ఉండడం, ఈ రెండూ ఒకే ఏర్పాటులో కుదిరాయి. సమాచారాన్ని దాచే అణువుకు ఇంతకంటే తగిన లక్షణం మరొకటి ఊహించలేము.

రెండు గొలుసులూ ఎదురెదురు దిశల్లో సాగుతాయి: ఒకదాని 5 కొస దగ్గర రెండవదాని 3 కొస ఉంటుంది. హైడ్రోజన్ బంధాలు ఎవరికి ఎవరు జోడీయో నిర్ణయిస్తాయి గానీ, ద్వికుండలిని గట్టిగా నిలిపే బలంలో ఎక్కువ భాగం వాటిది కాదు. బల్లపరుపుగా ఉండే క్షార జంటలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఒత్తుగా కూర్చోవడం వల్ల, నీటిని దూరంగా నెట్టడం వల్ల కలిగే ఆకర్షణది. జంటకూ జంటకూ మధ్య దూరం 0.34 నానోమీటరు, ద్వికుండలి వ్యాసం సుమారు 2 నానోమీటర్లు, ద్రావణంలో ఒక పూర్తి మెలికకు పట్టే జంటలు సుమారు 10.5.

ఆకార భేదాలు, కణంలో అమరిక

వెన్నెముకలు అక్షానికి ఇరువైపులా సరిగ్గా ఎదురెదురుగా ఉండవు కాబట్టి ద్వికుండలి పొడవునా ఒక వెడల్పాటి గాడి, ఒక ఇరుకు గాడి ఏర్పడతాయి. జన్యువులను పనిలో పెట్టే, ఆపే ప్రోటీన్లు వెడల్పాటి గాడిలో వేలు పెట్టి, గొలుసులను విడదీయకుండానే క్షారాల అంచులను తాకి వరుసను గుర్తిస్తాయి. జీవకణంలో ప్రధానంగా ఉండేది ఫ్రాంక్లిన్ గుర్తించిన తడి రూపం, అంటే బీ రూపం. పొడి వాతావరణంలో ఏర్పడే ఏ రూపంలో ఒక మెలికకు 11 జంటలుంటాయి. 1979లో అలెగ్జాండర్ రిచ్ బృందం స్ఫటికంలో చూసిన జెడ్ రూపం ఎడమవైపుకు తిరుగుతుంది. అంతకు ఏడాది ముందు బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఎం. ఎ. విశ్వమిత్ర, కేంబ్రిడ్జ్‌లోని ఓల్గా కెన్నార్డ్ తదితరులతో కలిసి, ఒక చిన్న డీఎన్‌ఏ తునకలో ఎడినిన్, థైమిన్ జంటను పరమాణు స్థాయిలో స్ఫటికంలో చూపాడు. పోగుల చిత్రాల నుంచి ఊహించిన జంట కళ్లకు కట్టింది అప్పుడే.

మనిషి కణంలో తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు ప్రతులూ కలిపి సుమారు 600 కోట్ల జంటలుంటాయి, వాటి పొడవు సుమారు 2 మీటర్లు. మీటరులో కొన్ని లక్షల వంతు మాత్రమే ఉండే కేంద్రకంలో ఈ పొడవు ఇమడడానికి ధనావేశం ఉన్న హిస్టోన్ ప్రోటీన్లు ఆధారం. ఎనిమిది హిస్టోన్ల ముద్ద చుట్టూ 147 జంటల డీఎన్‌ఏ రెండు చుట్లకు కాస్త తక్కువగా చుట్టుకుంటుంది. ఈ ప్రమాణాన్ని న్యూక్లియోజోమ్ అంటారు. బాక్టీరియాలో డీఎన్‌ఏ కొసలు లేని వలయంగా ఉంటుంది. నులకతాడును పేనిన దిశకు ఎదురుగా తిప్పితే అది తనమీద తానే ముడుచుకున్నట్టు, ఆ వలయం కూడా ముడతలు పడుతుంది. ఆ ముడతలను అదుపులో ఉంచే ఎంజైములు లేకపోతే బాక్టీరియా బతకదు. మందుల దుకాణంలో అందరికీ తెలిసిన సిప్రోఫ్లాక్సాసిన్ అడ్డుకునేది ఆ ఎంజైములనే.

ప్రతికృతి, థైమిన్, యల్లాప్రగడ సుబ్బారావు

రెండు గొలుసులు విడిపోతే, ఒక్కో గొలుసూ తన జోడీ ఎలా ఉండాలో చెప్పే అచ్చుగా పనిచేస్తుంది. 1958లో మాథ్యూ మెసెల్సన్, ఫ్రాంక్లిన్ స్టాల్ బరువైన నత్రజని ఐసోటోపును వాడి, ప్రతి కొత్త ద్వికుండలిలో ఒక గొలుసు పాతది, ఒకటి కొత్తది అని నిరూపించారు. డీఎన్‌ఏ పాలిమరేజ్ అనే ఎంజైము కొత్త గొలుసును 5 కొస నుంచి 3 కొస వైపు మాత్రమే పెంచుతుంది, జత కుదరని క్షారాన్ని వెనక్కి వెళ్లి తొలగిస్తుంది. ఇతర మరమ్మతు ఎంజైములు కూడా పని పూర్తి చేశాక మిగిలే తప్పు వంద కోట్ల క్షారాలకు ఒకటి స్థాయిలో ఉంటుంది.

కణం విభజన చెందాలంటే నాలుగు క్షారాలూ సమృద్ధిగా ఉండాలి. వాటిలో థైమిన్ ప్రత్యేకమైనది: ఆర్‌ఎన్‌ఏలో ఉండే యురాసిల్‌కు ఒక మిథైల్ సమూహం చేరిస్తే థైమిన్ అవుతుంది, ఆ మిథైల్‌ను అందించేది ఫోలిక్ ఆమ్లం నుంచి తయారయ్యే పదార్థం. ఈ ఒక్క మెట్టు ఆగితే డీఎన్‌ఏ ప్రతికృతి ఆగిపోతుంది. వైద్యంలో ఈ మెట్టును ఆయుధంగా మలచినది భీమవరంలో 1895లో పుట్టి, 1923లో అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఆయన ప్రకటించిన భాస్వరపు పరీక్ష, నీలి రంగు గాఢతను బట్టి ఫాస్ఫేట్ పరిమాణాన్ని కొలిచే పద్ధతి, జీవరసాయన ప్రయోగశాలల్లో దశాబ్దాల పాటు నిత్య సాధనమైంది. తరువాత లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లం తయారీ, దాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే ఎమినోప్టెరిన్ తయారీ సాధ్యమయ్యాయి. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఆ మందును తీవ్రమైన రక్తక్యాన్సరుతో ఉన్న 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గింది. ఫలితం 1948లో ప్రచురితమైంది, ఆ ఆగస్టులోనే సుబ్బారావు మరణించారు. ద్వికుండలి ఆకారం ఇంకా తెలియని రోజుల్లో డీఎన్‌ఏ తయారీని ఆపి క్యాన్సరును ఎదుర్కోవచ్చని చూపిన ఈ కృషికి, డీఎన్‌ఏను బోధించే ప్రతి తెలుగు పాఠంలోనూ చోటు ఉండవలసింది. దాని వారసుడైన మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉంది.

విడదీసి తిరిగి కలపడం: హైదరాబాదు కృషి

డీఎన్‌ఏ ద్రావణాన్ని వేడిచేస్తే హైడ్రోజన్ బంధాలు సడలి రెండు గొలుసులు విడిపోతాయి. క్షారాల దొంతర విచ్చుకోగానే ద్రావణం అతినీలలోహిత కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి ఈ విడిపోవడాన్ని కొలవవచ్చు. గ్వానిన్, సైటోసిన్ జంటలు ఎక్కువగా ఉన్న డీఎన్‌ఏ విడిపోవడానికి ఎక్కువ వేడి కావాలి. నెమ్మదిగా చల్లబరిస్తే గొలుసులు మళ్లీ తమ జోడీలను వెతుక్కుంటాయి. ఆ సమయంలో రేడియోధార్మిక గుర్తు పెట్టిన ఒక చిన్న గొలుసును ద్రావణంలో కలిపితే, అది తనకు జోడీగా ఉన్న వరుస ఎక్కడ ఉందో అక్కడికే వెళ్లి అతుక్కుంటుంది. దీనిని అన్వేషకం అంటారు.

హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, అంటే సీసీఎంబీ, పుష్ప మిత్ర భార్గవ సారథ్యంలో 1977లో మొదలై, 1987 నవంబర్ 26న హబ్సిగూడ ప్రాంగణంలో జాతికి అంకితమైంది. అక్కడ లాల్జీ సింగ్ వాడిన అన్వేషకం ఒక జాతి కట్లపాము డీఎన్‌ఏలో ఆయన అంతకుముందు గుర్తించిన భాగం. జీ, ఏ, టీ, ఏ అనే నాలుగక్షరాలు అందులో పదేపదే వస్తాయి. పాము లింగ క్రోమోజోమును అర్థం చేసుకోవడానికి మొదలైన ఆ పని మనిషి డీఎన్‌ఏకు కూడా పనికివచ్చింది, ఎందుకంటే ఇటువంటి పునరావృతాలు మనిషిలోనూ అనేక చోట్ల ఉన్నాయి, ఒక్కో చోట ఎన్నిసార్లు వస్తాయన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. రక్తం నుంచి తీసిన డీఎన్‌ఏను ఎంజైముతో ముక్కలు చేసి, జెల్‌లో పొడవును బట్టి వేరుచేసి, గొలుసులను విడదీసి పలుచని పొర మీదికి ఎక్కించి, దానిని అన్వేషకంలో నానబెట్టి, ఫిల్ము మీద ఉంచితే నల్లని చారలు వరుసగా తేలతాయి. బిడ్డలోని ప్రతి చారా తల్లిలోనో తండ్రిలోనో కనిపించి తీరాలి; ఇద్దరిలోనూ లేని చారలు ఉంటే బంధుత్వం సందేహాస్పదమవుతుంది. ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్ 1980ల మధ్యలో రూపొందించిన పద్ధతికి ఇది స్వదేశీ సాటి. 1980ల చివర కేరళలోని తలస్సేరి న్యాయస్థానంలో నడిచిన పితృత్వ వివాదంలో ఈ సాక్ష్యం వినియోగమైంది. ఆ తరువాత రాజీవ్ గాంధీ హత్య దర్యాప్తులోనూ సీసీఎంబీ పాలుపంచుకుంది. పని పెరగడంతో 1996లో డీఎన్‌ఏ వేలిముద్రలు, నిర్ధారణ పరీక్షల కేంద్రం, అంటే సీడీఎఫ్‌డీ, హైదరాబాదులోనే ప్రత్యేక సంస్థగా ఏర్పడింది.

నేడు చారల పద్ధతి స్థానంలో పాలిమరేజ్ గొలుసు చర్య, అంటే పీసీఆర్, వచ్చింది. సుమారు 95 డిగ్రీల సెల్సియస్ వద్ద గొలుసులను విడదీయడం, 60 డిగ్రీల దరిదాపుల్లోకి చల్లబరచి కావలసిన చోటుకు రెండు వైపులా చిన్న గొలుసులను అతికించడం, 72 డిగ్రీల వద్ద వేడిని తట్టుకునే పాలిమరేజ్‌తో కొత్త గొలుసులను పెంచడం, ఈ మూడు దశలనూ ముప్ఫైసార్లు తిప్పితే ఒక్క ప్రతి వంద కోట్ల ప్రతులవుతుంది. ఇక్కడ కొత్త సూత్రమేదీ లేదు; విడిపోవడం, జతకట్టడం, అచ్చుగా పనిచేయడం అన్న ద్వికుండలి గుణాలే యంత్రంలో వరుసగా నడుస్తాయి. హైదరాబాదు నుంచి సిద్దిపేట మీదుగా కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి పక్కన శామీర్‌పేట, తుర్కపల్లి ప్రాంతంలో విస్తరించిన జీనోమ్ వ్యాలీ సంస్థల్లోనూ ఈ యంత్రం నిత్యావసర పరికరం.

వరి మడిలో డీఎన్‌ఏ గుర్తులు

బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో అందించిన సాంబ మసూరి, రైతుల మాటలో బీపీటీ 5204, సన్నగింజకూ రుచికీ పేరుపడి తెలుగు జిల్లాలన్నిటా పాతుకుపోయింది గానీ బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకోలేదు. ఆకు అంచుల నుంచి పసుపు రంగు చారలు లోపలికి పాకి, ఆకులు గడ్డి రంగుకు తిరిగి ఎండిపోయే ఈ తెగులుకు నమ్మదగిన మందు లేదు. వంగడంలోనే నిరోధకత ఉండాలి. సీసీఎంబీలో రమేశ్ వి. సొంటి, హైదరాబాదు వరి పరిశోధన సంచాలనాలయంలో ఆర్. ఎం. సుందరం బృందాలు కలిసి ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మూడు నిరోధక జన్యువులను సాంబ మసూరిలోకి సంకరం ద్వారా తెచ్చాయి. వీటిలో మొదటిది ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చినది. తక్కిన రెండూ అంతర్గత జన్యువులు, అంటే తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండు ప్రతులూ నిరోధక రకమైతేనే మొక్కలో ఫలితం కనిపిస్తుంది.

పాత పద్ధతిలో ఈ పని దాదాపు అసాధ్యం. ఒక ప్రతి మాత్రమే ఉన్న మొక్కకు తెగులు సోకుతుంది కాబట్టి అది జన్యువును మోస్తున్నదో లేదో పొలంలో తెలియదు. మూడింటిలో ఒకటి బలంగా పనిచేస్తే తక్కిన రెండూ ఉన్నాయా లేవా అన్నదీ తెలియదు. లేత ఆకు ముక్క నుంచి డీఎన్‌ఏ తీసి, ప్రతి జన్యువు పక్కనున్న గుర్తును పీసీఆర్‌తో పెంచి, జెల్ మీద ముక్క పొడవు చూస్తే మొక్క నారుదశలో ఉండగానే సంగతి తేలుతుంది. దాత వంగడం లక్షణాలు అనవసరంగా రాకుండా, క్రోమోజోములన్నిటా చెదిరి ఉన్న చిన్న పునరావృత వరుసలను కూడా పరీక్షించి, సాంబ మసూరి డీఎన్‌ఏ ఎక్కువగా తిరిగివచ్చిన మొక్కలనే ప్రతి తరంలో ఎంచుకున్నారు. నేరస్థలంలో మనిషిని గుర్తించే పునరావృతాలూ, మడిలో వంగడాన్ని గుర్తించే పునరావృతాలూ స్వభావంలో ఒక్కటే. నాలుగుసార్లు సాంబ మసూరితో వెనుక సంకరం చేశాక ఎంచుకున్న మొక్క నుంచి మెరుగైన సాంబ మసూరి రూపొంది 2008లో విడుదలైంది. ప్రయోగశాలలో జన్యువును బయటి నుంచి చొప్పించిన పంట కాకపోవడం వల్ల దీనికి జన్యుమార్పిడి పంటల నిబంధనలు అడ్డురాలేదు.

ఒక్క అక్షరం మారితే

క్షారాల వరుసను మూడేసి అక్షరాల చొప్పున చదివి కణం ఆమైనో ఆమ్లాలను వరుసగా కూర్చి ప్రోటీన్లు తయారుచేస్తుంది. ఒక అక్షరం మారడం వల్ల ఏమి జరగవచ్చో తెలుగువారికి దగ్గరగా ఉన్న ఒక ఉదాహరణ స్పష్టంగా చూపుతుంది. శస్త్రచికిత్సలో శ్వాసనాళంలోకి గొట్టం వేసే ముందు కండరాలను సడలించడానికి వాడే సక్సినైల్ కోలిన్ మందును రక్తంలోని బ్యుటిరైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము కొన్ని నిమిషాల్లో విరగ్గొడుతుంది. ఈ ఎంజైము లోపించినవారిలో కండరాల సడలింపు గంటల తరబడి ఉండి, అంతసేపూ యంత్రంతో శ్వాస అందించవలసి వస్తుంది. ఈ లోపం వైశ్య సమాజంలో మిగతావారికంటే చాలా ఎక్కువగా ఉందని వైద్యులు గమనించగా, 2006లో ప్రచురితమైన పరిశోధన ఒక కారణాన్ని చూపింది: ఎంజైములో 307వ స్థానంలో ల్యూసిన్ ఉండవలసిన చోట ప్రోలిన్ ఉంది. ఇందుకు కావలసింది ఆ స్థానానికి చెందిన మూడక్షరాల్లో మధ్యనున్న టీ స్థానంలో సీ రావడమే. ద్వికుండలిలో చూస్తే ఒక టీ, ఏ జంట ఉండవలసిన చోట ఒక సీ, జీ జంట కూర్చుంది. ప్రోలిన్ వలయాకారంలో బిగుసుకుని ఉండే ఆమైనో ఆమ్లం కాబట్టి అక్కడ ప్రోటీన్ మడత చెడి, ఎంజైము నిలకడ పోతుంది.

ఇది ఏ సమాజపు కళంకమూ కాదు. కొద్దిమంది పూర్వీకుల సంతతి తరతరాలుగా తమలో తామే వివాహాలు చేసుకుంటే, ఆ పూర్వీకుల్లో ఎవరికో ఉన్న మార్పు సంతతిలో సాధారణమవుతుంది. సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్, హార్వర్డ్‌లోని డేవిడ్ రీచ్ బృందాలు 2017లో ప్రకటించిన అధ్యయనంలో, పరిశీలించిన 263 దక్షిణాసియా సమూహాల్లో 81 సమూహాలకు ఇటువంటి చరిత్ర ఫిన్లాండ్ ప్రజలకంటే, అష్కెనాజీ యూదులకంటే గాఢంగా ఉందని తేలింది. వాటిలో పది లక్షలకు మించిన జనాభా ఉన్నవే 14. శస్త్రచికిత్సకు ముందు కుటుంబ చరిత్ర అడిగి, అవసరమైతే రక్తపరీక్ష చేయించి వేరే మందు వాడితే ఈ ప్రమాదం పూర్తిగా తప్పుతుంది కాబట్టి, ఈ సమాచారం ఆసుపత్రులకు, కుటుంబాలకు చేరడం చాలా ముఖ్యం.

అణువు శిథిలం కావడం: నర్మెట్ట ప్రశ్న

డీఎన్‌ఏ మన్నికైనదే కానీ చిరంజీవి కాదు. బతికున్న కణంలోనే నీటి తాకిడికి ప్యూరిన్ క్షారాలు చక్కెర నుంచి ఊడిపోతుంటాయి, సైటోసిన్‌లోని అమైనో సమూహం తొలగిపోయి అది యురాసిల్‌గా మారుతుంటుంది. డీఎన్‌ఏలో యురాసిల్ సహజంగా ఉండదు కాబట్టి మరమ్మతు ఎంజైములు దాన్ని పరాయిదిగా వెంటనే గుర్తించి తొలగిస్తాయి. థైమిన్‌కు అదనంగా ఉన్న మిథైల్ సమూహం ఉపయోగం ఇక్కడ తెలుస్తుంది. మరణం తరువాత మరమ్మతు ఉండదు. క్షారం ఊడిన చోట గొలుసు తెగుతుంది, ముక్కలు వంద జంటలకంటే పొట్టివవుతాయి, తెగిన కొసల దగ్గర సీ స్థానంలో టీ చదవబడుతుంది. వేడి, తేమ ఈ చర్యలను వేగిరపరుస్తాయి.

సిద్దిపేట జిల్లా నంగునూరు మండలంలోని నర్మెట్టలోనూ, పాలమాకులలోనూ రాష్ట్ర పురావస్తు శాఖ 2017లో తవ్విన బృహత్ శిలాయుగపు సమాధుల విషయంలో ఈ రసాయనం నేరుగా ఎదురవుతుంది. నర్మెట్టలో ఒక సమాధిని కప్పిన రాతి పలక బరువు నలభై టన్నుల పైచిలుకు. దాన్ని క్రేనుతో ఎత్తవలసి వచ్చింది. అంతటి రాయిని మోసుకొచ్చి నిలిపిన ఇనుప యుగపు ప్రజలకూ నేటి తెలంగాణ జనానికీ ఉన్న సంబంధం ఏమిటన్న ప్రశ్నకు కుండ పెంకులు, పూసలు ఇచ్చే జవాబు అసంపూర్ణం. ఎముకల్లోని డీఎన్‌ఏ ఇవ్వగల జవాబు వేరు. కానీ దక్కను ఎండల్లో, వానలకు నానే మట్టిలో రెండు వేల ఏళ్లకు పైబడిన ఎముకలో ఆ అణువు మిగలడం అరుదు. హిమాలయాల్లో ఐదు వేల మీటర్ల ఎత్తున ఉన్న రూప్‌కుండ్ సరస్సు ఒడ్డున దొరికిన అస్థిపంజరాల్లో 38 మంది డీఎన్‌ఏను సీసీఎంబీ, హార్వర్డ్ తదితర బృందాలు చదివి 2019లో ప్రకటించాయి. అదే ఏడాది వెలువడిన హర్యానాలోని రాఖీగఢీ అధ్యయనంలో, మైదానపు వేడిని అనుభవించిన 61 ఎముక నమూనాల్లో ఒక్క స్త్రీ అవశేషం నుంచి మాత్రమే చదవదగిన డీఎన్‌ఏ దొరికింది. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎక్కువగా ఉష్ణోగ్రతది.

అందువల్ల తెలంగాణ సమాధుల తవ్వకాల్లో తొలి గంటల జాగ్రత్తకు ఎంతో విలువ ఉంది. తవ్వేవారి చెమట చుక్క, తుంపర, వేలి స్పర్శ నుంచి వచ్చే నేటి డీఎన్‌ఏ పాత అణువులకంటే లక్షల రెట్లు ఎక్కువగా ఉంటుంది కాబట్టి చేతి తొడుగులు, ముఖానికి గుడ్డ తప్పనిసరి. బయటపడిన ఎముకను నీటితో కడగకూడదు, ఎండలో ఆరబెట్టకూడదు, లక్క, జిగురు పూయకూడదు. లోపలి చెవిని కాపాడే పుర్రె భాగం శరీరంలోకెల్లా దట్టమైన ఎముక కావడం వల్ల డీఎన్‌ఏ అందులోనే ఎక్కువకాలం నిలుస్తుంది. వేరే ఎముకలన్నీ పొడి అయిపోయినా ఆ చిన్న ముక్కను విడిగా, పొడిగా, చల్లగా భద్రపరచి ప్రత్యేక ప్రయోగశాలకు పంపాలి. అక్కడ చదివే ముక్కల కొసల్లో సీ స్థానంలో టీ కనిపించే శిథిల లక్షణం ఉంటేనే అది సమాధిలోని మనిషిదని, తవ్వినవారిది కాదని నిర్ధారణ అవుతుంది.